పాత వీణకు కొత్త మెట్లు

వీణకు విడిభాగాలు సైకిలుకు దొరికినట్టు దొరకవు. సైకిలు గొలుసు మెదక్‌లో కొన్నా హైదరాబాద్‌లో కొన్నా ఒకటే కొలత. వీణ తీగను బిగించే బిరడా సంగతి వేరు. ఒకే పనివాడి చేతిలో ఒకే ఏడాది తయారైన రెండు వీణలకు కూడా బిరడా రంధ్రాలు, మెట్ల పొడవు, తీగలు ఆనే గుర్రం ఎత్తు అచ్చంగా కలవవు. అన్నీ చేతి కొలతలే. అందుకే యాభై, అరవై ఏళ్ళనాటి వీణకు మంచి భాగమంటే ఖరీదైనదీ కాదు, పేరున్న దుకాణంలో కొన్నదీ కాదు. ఆ వీణకు సరిగ్గా అమరేది, దాని నాదాన్ని మార్చకుండా నిలబెట్టేది మంచి భాగం. అలాంటివి కొన్ని కొనాలి, కొన్ని చేయించుకోవాలి, కొన్నిటిని ఉన్నవాటినే బాగుచేసి వాడుకోవాలి. ఏది ఎక్కడ దొరుకుతుందో తెలియడం కన్నా ముందు, ఏది ఏ కోవలోకి వస్తుందో తెలియాలి.

తెలుగువారి ఇళ్ళలో కనిపించే వీణలు చాలావరకు బొబ్బిలి, నూజివీడు, తంజావూరు పనితనానివి. ఇరవై నాలుగు స్థిరమైన మెట్లున్న నేటి వీణకు రూపం 17వ శతాబ్దంలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో కుదిరిందని సంప్రదాయం.  బొబ్బిలి వీణ అని మనమనేది నిజానికి బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో తయారవుతుంది. అక్కడి సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా ఈ పనిలో ఉన్నాయి. కుండ, మెట్లుండే దండి, చివరి యాళి ముఖం మొత్తం ఒకే పనస దుంగలోంచి చెక్కే ఏకాండి వీణకు ఆ ఊరు పెట్టింది పేరు. బొబ్బిలి వీణకూ తంజావూరు వీణకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంట్లో ఉన్నది ఏకాండి వీణా, అతుకుల వీణా అన్నది కుండకూ దండికీ మధ్య జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. అతుకు ఉన్నచోట సన్నటి గీత గానీ, దాన్ని కప్పే అలంకారపు పట్టీ గానీ ఉంటుంది. ఈ తేడా ముందే తెలుసుకోవాలి. అతుకుల వీణలో దండి వంగితే విప్పి సరిచేయవచ్చు. ఏకాండి వీణలో ఆ వీలు లేదు.

అటకమీంచి దించిన వీణను చూడగానే అన్నీ మార్చాలనిపిస్తుంది. తీగలు తుప్పుపట్టి, మైనం బీటలువారి, రెండు మెట్లు ఊడి ఉంటాయి. అయినా చెక్క గట్టిగా ఉంటే వీణ ప్రాణంతో ఉన్నట్టే. ముందుగా దండి పైచివర తీగలు ఆనే మేరువు నుంచి గుర్రం దాకా ఒక దారం బిగించి పట్టి, దండి వంగిందో లేదో చూడాలి. కుండ మీది పలక గుర్రం కింద కుంగిందేమో వేలితో తడిమి చూడాలి. కుండ చుట్టూ చిటికెన వేలితో తట్టుకుంటూ పోతే, లోపల పగులున్నచోట చప్పుడు మారుతుంది. వాయించినప్పుడు వచ్చే గరగర అన్నిసార్లూ మెట్లదే కాదు. తీగను కట్టే వదులైన లంగరు, దండి కింది బుర్రను పట్టివుంచే మర, ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న అలంకారపు రేకు కూడా తీగతోపాటు కంపించి మోత పెడతాయి. ఇవన్నీ బిగించి చూశాకే ఏ భాగం కొనాలో నిర్ణయించుకోవాలి. అక్కర్లేని భాగం మార్చడం పాత వీణకు మంచిది కాదు.

మెట్ల సంగతే అన్నిటికన్నా పెద్దది. ఇరవై నాలుగు లోహపు కడ్డీలు రెండు మైనపు గట్ల మీద కూర్చుని ఉంటాయి. వాటి మీద తీగ ఒరుసుకుని ఏళ్ళ తరబడి గాడులు పడతాయి. గాడి లోతు తక్కువైతే సన్నటి ఆకురాయితో సమం చేసి, మెరుగు పెడితే మెట్టు మళ్ళీ కొత్తదవుతుంది. లోతైన గాడిని అరగదీస్తే ఎత్తు తగ్గిపోతుంది కనుక అప్పుడు మార్చాల్సిందే. పాత మెట్లు ఇత్తడివో కంచువో అయితే కొత్తవీ అదే లోహానివి కావాలి. ఇనుము మీద పూత పూసిన కడ్డీలను అయస్కాంతం పట్టిస్తుంది. ఇత్తడినీ కంచునూ అయస్కాంతం అంటదు. కొన్న మెట్టును అద్దం పలక మీద బోర్లించి వేలితో నొక్కి చూడాలి. ఊగితే వంకర ఉన్నట్టు. పాత మెట్లు విప్పేటప్పుడు మేరువు వైపు నుంచి ఒకటి, రెండు అని చీటీలు అంటించి వరస చెడకుండా పెట్టుకోవాలి.

మెట్టు ఎంత మంచిదైనా మైనం చెడ్డదైతే శ్రుతి నిలవదు. తేనెపట్టు నుంచి తీసిన మైనాన్ని కరిగించి, గుడ్డలో వస్త్రకాయం పట్టిన బొగ్గుపొడి కలుపుతారు. నలుపు రంగు దానివల్లే, గట్టిదనమూ దానివల్లే. ఎంత పొడి కలపాలన్నది ఊరి ఎండను బట్టి ఉంటుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మెదక్ లాంటి చోట మైనం మెత్తగా ఉంటే మెట్లు జరుగుతాయి. మరీ గట్టిగా ఉంటే చలికాలంలో పెళుసుబారి పగులుతుంది. ఇప్పుడు బజారులో తేనెమైనం పేరిట అమ్మే దిమ్మల్లో కొవ్వొత్తుల మైనం కలుస్తోంది. అసలు తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. చిన్న ముక్క వేళ్ళ మధ్య నలిపితే ఒంటి వేడికే మెత్తబడి ముద్దవుతుంది, తేనె వాసన వస్తుంది. కల్తీది పొరలుగా విరుగుతుంది, జారుడుగా ఉంటుంది. వీణ మీదున్న పాత మైనాన్ని మాత్రం పారేయకూడదు. దుమ్ము తీసి, కరిగించి, వడగట్టి కొత్తదానిలో కలుపుకోవచ్చు. చాలామంది పనివాళ్ళు అలాగే చేస్తారు.

మెట్లను మళ్ళీ కూర్చడాన్ని మేళం కట్టడం అంటారు. ఇది కొనుక్కునే వస్తువు కాదు, చెవి ఉన్న మనిషి చేసే పని. మైనపు గట్లు పోసి, మెట్లు అదిమి, తంబూర శ్రుతి వింటూ ఒక్కొక్కదాన్ని వెంట్రుకవాసి జరుపుతూ స్వరస్థానానికి తెస్తారు. పని సరిగా జరిగిందో లేదో సంగీతం రానివాళ్ళు కూడా టేపుతో చూసుకోవచ్చు. మేరువు నుంచి గుర్రం దాకా మొదటిదైన సారణి తీగ పొడవు కొలిస్తే, మేరువు వైపు నుంచి సరిగ్గా మూడోవంతు దగ్గర ఏడో మెట్టు, సగం దగ్గర పన్నెండో మెట్టు, ముప్పాతిక దగ్గర ఇరవై నాలుగో మెట్టు రావాలి. ఏడోది పంచమం, పన్నెండోది పై షడ్జం. తీగను నొక్కినప్పుడు సాగే సాగుడు వల్ల రవ్వంత తేడా ఉంటుంది. అంతకుమించి తేడా కనిపిస్తే గుర్రం తన చోటు నుంచి జరిగి ఉండవచ్చు. గుర్రం జరిగిన సంగతి గమనించకుండా మేళం కట్టిస్తే ఆ ఖర్చంతా వృథా.

గుర్రం చెక్కతో చేసినదే అయినా, తీగలు ఆనేది దాని మీది లోహపు రేకు మీద. వీణ గొంతు ఎలా ఉండాలన్నది ఎక్కువగా ఈ రేకే నిర్ణయిస్తుంది. చూడటానికి చదునుగా ఉన్నా దానికి కంటికి ఆనని వంపు ఉంటుంది. ఆ వంపు మీద తీగ తాకీ తాకనట్టు కంపించడం వల్లే నాదం నిండుగా, ఎక్కువసేపు నిలుస్తుంది. దుకాణంలో దొరికే రేకు ముడిసరుకే. దాన్ని ఆ వీణ మీద పెట్టి, తీగ బిగించి, విని, తీసి, ఆకురాయి పట్టించి, మళ్ళీ పెట్టి వినాలి. ఒక పూట పట్టినా తొందరపెట్టకూడదు. గుర్రం చెక్క మాత్రం పుచ్చితే తప్ప మార్చవద్దు. పాత చెక్క పలక మీద ఒరుసుకుని ఏళ్ళ తరబడి అమరి ఉంటుంది. కొత్తదానికి ఆ అమరిక తేవడం తేలిక కాదు. తాళపు తీగల కోసం పక్కనుండే వంపు రేకు అరిగితే దాన్ని కూడా ఇత్తడి రేకులో కత్తిరించి కొత్తది చేయించవచ్చు. పాతదే అచ్చు.

బిరడాల విషయంలో మెదక్ వాసులు దూరం పోనక్కర్లేదు. లేత్ మిషన్ ఉన్న వడ్రంగికి పాత బిరడా ఒకటీ, ఎండిన జిట్రేగి ముక్కా ఇస్తే కొత్తది తిప్పి ఇస్తాడు. మెత్తటి చెక్క పనికిరాదు. కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి, ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెక్కడానికి అందమైనవే గానీ తీగ లాగుడుకు ఆగవు. రంధ్రం అరిగి కోలగా సాగిపోయి ఉంటుంది కాబట్టి పాత బిరడా కొలతకే చేయిస్తే అదీ జారుతుంది. రవ్వంత లావుగా చేయించి, రంధ్రాన్ని సమంగా గుండ్రం చేసి, అమర్చుకోవాలి. అమరిక చూసే పద్ధతి సులువు. బిరడాకు సుద్ద రాసి రంధ్రంలో పెట్టి రెండు చుట్లు తిప్పి తీస్తే, ఎక్కడ ఒరుసుకుందో అక్కడ సుద్ద చెరిగిపోతుంది. రెండు వైపుల గోడల దగ్గరా సమంగా చెరిగితే బిరడా నిలుస్తుంది. ఒకవైపే చెరిగితే ఇంకా పని ఉంది. జారే బిరడాకు గుడ్డపేలిక చుట్టి దూర్చడం, మేకు కొట్టడం దండి చివర పగలడానికి దారి.

తీగలు తేలిగ్గా దొరుకుతాయి, తేలిగ్గా పొరపాటూ జరిగేది అక్కడే. సారణి, పంచమం తీగలు ఉక్కువి. మంద్రం, అనుమంద్రం ఇత్తడివి గానీ తీగ చుట్టినవి గానీ. తీగ మందాన్ని గేజిలో చెప్తారు, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. ముప్పై గేజి తీగ 0.315 మిల్లీమీటర్లు, ఇరవై ఎనిమిది గేజి 0.376 మిల్లీమీటర్లు. చూడటానికి తేడా తెలియదు. అదే శ్రుతికి బిగిస్తే మాత్రం లావు తీగ దండిని నలభై శాతానికి పైగా ఎక్కువగా లాగుతుంది. పాత చెక్కకు ఆ లాగుడు ప్రమాదం. కాబట్టి తెగిన పాత తీగ ముక్కనే పారేయకుండా దాచి, లేత్ దుకాణంలోనో పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనో ఉండే స్క్రూగేజితో కొలిపించాలి. తుప్పు లేని చోట రెండు మూడుసార్లు కొలవాలి. ఉక్కు తీగల్లో జర్మనీ రోస్లావ్ తీగకు వాద్యకారుల్లో మంచి పేరుంది. ఏ తీగైనా మడత పడకుండా పెద్ద చుట్టగా ఉన్నదే తీసుకోవాలి. మడత పడ్డచోట నుంచే తెగుతుంది.

బుర్ర సంగతి వచ్చేసరికి తెలంగాణ పల్లెలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎండిన ఆనపకాయ బుర్రలో పొలానికి నీళ్ళు మోసుకెళ్ళిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. వీణ బుర్రకు కావలసింది అంతకన్నా దళసరి గోడ, సమమైన గుండ్రదనం. ఇప్పుడు ఫైబర్ బుర్రలు, కాగితపు గుజ్జు బుర్రలు కూడా వస్తున్నాయి. వీణకు ముఖ్యమైన నాదం కుండ నుంచే పుడుతుంది కనుక ఫైబర్ బుర్ర పెట్టినంత మాత్రాన వీణ పాడైపోదు. పాత బుర్ర పగిలినా పెంకులన్నీ ఉంటే లోపలి నుంచి గుడ్డ అంటించి అతికించవచ్చు. మొదట ఆ ప్రయత్నమే చేయాలి.

చెక్క పగుళ్ళకు దొరికే సరుకు కన్నా వాడే జిగురు ముఖ్యం. పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే పాతకాలపు వజ్రం జిగురు వేడి ఆవిరికి మళ్ళీ వదులుతుంది. రేపు ఇంకొకరు బాగుచేయాలంటే విప్పే వీలుంటుంది. ఎపాక్సీ జిగుళ్ళను ఒకసారి పట్టాక చెక్కకు దెబ్బ తగలకుండా వదిలించడం కష్టం. అతుకుకు పెట్టే పనస చెక్క పచ్చిది కాకూడదు. తేమ గాలి ఉన్న ఉత్తరాంధ్రలో ఆరిన చెక్క, పొడిగాలి వీచే మెదక్ పీఠభూమికి వచ్చాక ఇంకా ఆరుతుంది, ఇంకా కుదించుకుంటుంది. అందుకని అక్కడి నుంచి తెచ్చిన ముక్కను కొన్ని వారాలు ఇంట్లోనే నీడన ఉంచి, తర్వాత వాడాలి. అన్నిటికన్నా మేలైన అతుకు, బాగుకు రాని మరో పాత వీణ నుంచి తీసిన చెక్క. పనివాళ్ళు అలాంటి ముక్కలు దాచుకుంటారు, అడిగితే ఇస్తారు. పైపూతకు లక్క పాలిష్ చాలు. పాత పూతను ఉప్పుకాగితంతో గీకేసి కొత్త వార్నిష్ కొట్టిస్తే, ఎంతో కాలం నిలిచిన పనితనం ఒక్క రోజులో పోతుంది.

అలంకారపు పనిలో చట్టం అడ్డొచ్చే చోటు ఒకటుంది. పాత వీణల మీద ఏనుగు దంతపు పట్టీలు, దుప్పికొమ్ము పనితనం కనిపిస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో దేశీయ దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం కూడా ఆగిపోయాయి. ఊడిన ముక్క స్థానంలో కొత్త దంతం కొనడం నేరం. ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకూడదు. ఒంటె ఎముక, తెల్ల ప్లాస్టిక్ రేకు ఆ పని చక్కగా చేస్తాయి. జిట్రేగి జాతి కలప మీద 2017 జనవరిలో అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాయి.  తయారైన వాద్యాలకూ వాటి భాగాలకూ 2019 నవంబరు నుంచి మినహాయింపు ఉంది.

ఇక ఎక్కడ వెతకాలి? మెదక్ పట్టణంలో వీణ సామాను అమ్మే ప్రత్యేకమైన అంగడి కోసం వెతకడం కన్నా, లేత్ పని, ఇత్తడి పని ఇక్కడే చేయించుకుని మిగతాదానికి హైదరాబాద్ వెళ్ళడం మేలు. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్‌కు రైలు మార్గం తెరుచుకున్నాక, బస్సు కుదుపులు లేకుండా వీణను కాచిగూడ దాకా తీసుకుపోయే వీలు కలిగింది. అక్కడ దుకాణానికి వెళ్ళేముందు రాంకోఠీలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాద్‌లోని భక్త రామదాసు కళాశాల వీణ అధ్యాపకులను అడగడం మంచిది. మేళం ఎవరు బాగా కడతారో, ఎవరి తీగలు నిలుస్తున్నాయో రోజూ వాయించేవాళ్ళకు తెలిసినంతగా అమ్మేవాళ్ళకు తెలియదు. దండి, కుండ, యాళి లాంటి పెద్ద పనులు పడితే వీణ పుట్టిన చోటికే పంపాలి. బొబ్బిలి వీణకు గొల్లపల్లి చేయి, తంజావూరు వీణకు తంజావూరు చేయి. పంపేటప్పుడు తీగలు వదులు చేసి, బుర్ర విప్పి వేరుగా కట్టి, గుర్రం కింద మెత్తటి గుడ్డ పెట్టి, పాత ముక్కలన్నీ ఒక సంచిలో వేసి వెంట పంపాలి.

ఇంట్లో ఉన్నది తంబూర అయితే దారి పడమటికి. సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా షోలాపూర్ వెళ్ళే పెద్దరోడ్డు పట్టి, అక్కడి నుంచి ఇంకా పోతే మిరజ్ వస్తుంది. సితారు, తంబూరల తయారీకి ఆ ఊరు దేశంలో పేరున్న కేంద్రం. అక్కడి సితారుకూ తంబూరకూ 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిరజ్ తంబూర కుండకు కావలసిన పెద్ద సొరకాయలు పండరిపురం ప్రాంతపు పొలాల్లో పండుతాయి. దాని గుర్రానికి జవారీ తీయడం, అంటే తీగ ఆనే వంపు దిద్దడం, వీణ రేకు పనిలాగే, అరువు తెచ్చుకోలేని పనితనం.

వయొలిన్ మాత్రం వేరు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు లాంటి విద్వాంసులు దాన్ని తెలుగువారి వాద్యంగా నిలబెట్టారు. దాని కొలతలు ప్రపంచమంతా దాదాపు ఒకటే కాబట్టి బిరడాలు, గుర్రం, తోక భాగం హైదరాబాద్ దుకాణాల్లోనే దొరుకుతాయి. బిరడా రంధ్రపు వాలు కూడా ముప్పైకి ఒకటి అని స్థిరపడింది. కొనేటప్పుడు చూడాల్సింది నల్లచెక్క నిజంగా ఎబొనీయేనా అన్నది. రంగు పూసిన చెక్కను అడుగు వైపు కొద్దిగా గీస్తే తెల్లటి లోపలి రంగు బయటపడుతుంది. లోపల స్ట్రాడివేరియస్ అని చీటీ ఉందని ఆశపడవద్దు. జర్మనీలోని మార్క్‌న్యూకిర్షెన్ లాంటి చోట్ల అలాంటి చీటీలతో నమూనా వయొలిన్లు వేల సంఖ్యలో తయారయ్యాయి. అవీ బాగుచేసుకోదగ్గవే.

తెలంగాణ సొంత వాద్యం కిన్నెరకు అమ్మే భాగాలంటూ లేనే లేవు. వెదురు, ఎండిన బుర్రలు, తేనెమైనం అన్నీ ఊరి చుట్టుపక్కల ఏరుకున్నవే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఈ వాద్యం పేరు అందరికీ తెలిసింది. కొన్ని పాత కిన్నెరలకు అలుగు పొలుసులే మెట్లు. అలుగు నేడు చట్టం గట్టిగా కాపాడే జంతువు కనుక అవి ఊడితే ఎముకతోనో లోహంతోనో చేయించుకోవాలి. వెదురూ బుర్రా కోసి నీడన ఆరబెట్టే ఓపిక ఉంటే మిగతావన్నీ ఇప్పటికీ మెదక్ పరిసరాల్లోనే దొరుకుతాయి.

కొత్త మైనం, కొత్త తీగలు వేసిన వీణ మొదటి కొన్ని వారాలు శ్రుతి నిలపదు. అది పనివాడి లోపం కాదు. తీగలు సాగాలి, మైనం కుదురుకోవాలి. ఒక ఎండాకాలం గడిచాక మళ్ళీ ఒకసారి మేళం చూపించుకోవాలి. బాగుచేసేటప్పుడు తీసేసిన బిరడా, అరిగిన రేకు, విరిగిన మెట్టు పనివాడి దగ్గర వదిలేయకుండా అడిగి తెచ్చుకుని, ఏ రోజు ఏది మార్చారో కాగితం మీద రాసి, వీణతోపాటు భద్రపరచండి. ఇంకో ఇరవై ఏళ్ళకు మళ్ళీ ఒక బిరడా విరిగితే, అప్పటి వడ్రంగికి కావలసిన కొలత ఆ పాత ముక్కలోనే దొరుకుతుంది.